కైలాసగిరి రోప్‌వే ఫ్యునిక్యులర్ కాదు: కొండ రైళ్ల అసలు లెక్క

2025 సెప్టెంబర్ 3న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో గ్లోరియా ఫ్యునిక్యులర్ (వాలు మీద వేసిన పట్టాల మీద తాడు సాయంతో నడిచే బండి) తాడు ఊడిపోయింది. పైనున్న పెట్టె వాలు వీధిలో కిందికి దూసుకొచ్చి మలుపు దగ్గర భవనాన్ని గుద్దుకుంది, 16 మంది చనిపోయారు. ఆ వార్తను ఒకరు కేబుల్ కార్ అన్నారు, ఒకరు రోప్‌వే అన్నారు, ఇంకొకరు ట్రామ్ అన్నారు. విశాఖలో నాకు తెలిసినవాళ్లు మాత్రం చాలామంది ఒకే ప్రశ్న అడిగారు: మన కైలాసగిరి మీద ఉన్నది అదేనా?

కాదు. కైలాసగిరి రోప్‌వే వేరు, అదే కొండ మీద చుట్టూ తిరిగే టాయ్ ట్రైన్ వేరు, అరకు రైలు వేరు. ఫ్యునిక్యులర్ వీటిలో దేనికీ చెందదు, కానీ ప్రతిదానితోనూ కాస్త పోలిక ఉంటుంది, గందరగోళమంతా అక్కడే. మలేషియా వెళ్లి పెనాంగ్ కొండ ఎక్కొచ్చినవాళ్లు, హాంకాంగ్‌లో పీక్ ట్రామ్ ఎక్కినవాళ్లు "అబ్బ, నిట్టనిలువుగా ఎక్కేసిందండీ" అంటారు గానీ అది ఎలా ఎక్కిందో అడిగితే మోటారు లాగిందనే చెబుతారు. సగమే నిజం. మోటారు చేసే పని మనం అనుకునేదానికంటే చాలా తక్కువ.

మోసేది ఏది, లాగేది ఏది?

కొండ ఎక్కే ఏ బండి గురించైనా ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

అరకు రైలు సంగతి చూద్దాం. బరువు మోసేవి పట్టాలు, పైకి లాగేది ఇంజను చక్రానికీ పట్టాకీ మధ్య ఉండే పట్టు. ఉక్కు మీద ఉక్కు కాబట్టి ఆ పట్టు అంతంతమాత్రమే, వాలు కాస్త పెరిగిందంటే చక్రం అక్కడే తిరుగుతూ జారిపోతుంది. కొత్తవలస–కిరండూల్ లైన్ ఘాట్ భాగంలో వాలు సుమారుగా 60కి 1, అంటే 60 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు ఎత్తు. సిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి చేరడానికి ఆ రైలు అన్ని సొరంగాల్లో దూరి, అన్ని మలుపులు తిరిగి, అన్ని గంటలు తీసుకునేది ఇందుకే. మనకి అదంతా అందం, లైన్ వేసిన ఇంజనీర్లకి మాత్రం వేరే దారి లేక చేసిన పని.

ఊటీ రైలుది ఇంకో పద్ధతి. మెట్టుపాళయం వైపు ఘాట్‌లో రెండు పట్టాల మధ్య రంపం లాంటి పళ్ల పట్టీ ఉంటుంది, ఇంజను కింద పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. అక్కడ వాలు దాదాపు 12కి 1. అరకు లైన్ కంటే అయిదు రెట్లు ఎక్కువ.

రోప్‌వేలో మోసేదీ తాడే, లాగేదీ తాడే. పెట్టె గాలిలో వేలాడుతుంది. కైలాసగిరిలో మనం ఎక్కేది ఇదే.

ఫ్యునిక్యులర్‌లో మోసేవి పట్టాలు, లాగేది తాడు. అంటే బండి నేల మీదే ఉంటుంది, కానీ చక్రం పట్టుతో దానికి సంబంధం లేదు. పట్టాలు వాన నీళ్లతో తడిసినా, మంచు పడినా తాడు లాగుతూనే ఉంటుంది, అందుకే అరకు రైలు కలలో కూడా ఎక్కలేని వాలు ఇది ఎక్కేస్తుంది. ఇక అసలైన ఫ్యునిక్యులర్‌కి ఇంకో లక్షణం ఉంది: ఒకే తాడుకు రెండు చివర్లా రెండు పెట్టెలు. ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంటుంది.

దేశంలో మొదటిది ఏది అన్న తగువు

ఈ చివరి లక్షణం దగ్గరే నిపుణులు కూడా తగువులాడుకుంటారు. 2018లో నాసిక్ జిల్లా సప్తశృంగి గడ్‌లో ఫ్యునిక్యులర్ ప్రారంభమైనప్పుడు దేశంలో మొట్టమొదటిది అన్నారు. పళని వెళ్లే మన భక్తులకు అది వింతగా అనిపించే ఉంటుంది, ఎందుకంటే పళని కొండకి 1966 నుంచే తాడు లాగే, పట్టాల మీద నడిచే బండి ఉంది. అక్కడ దాన్ని వించ్ అంటారు. పట్టాల మీద తాడు లాగితే చాలు అనుకునేవాళ్లకి పళనిదే ముందు. రెండు పెట్టెల తూకం, ఆధునిక కేబుల్ యంత్రాంగం, ఇప్పటి భద్రతా ప్రమాణాలు అన్నీ లెక్కలోకి తీసుకునేవాళ్లు సప్తశృంగి వైపు మొగ్గుతారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కొలబద్దలే వేరు.

మన వైపు కూడా దీనికి చుట్టం ఒకటుంది. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం లోయలో కింద ఉంటుంది, ఒనకఢిల్లీ నుంచి అక్కడికి సిబ్బందినీ సామాన్లనూ దించడానికి వించ్ ట్రాలీ ఉంది. పర్యాటకులకి పెట్టింది కాదు. కానీ ఆ కేంద్రంలో పనిచేసిన కుటుంబాల వాళ్లకి పట్టాల మీద తాడు పట్టుకుని లోయలోకి దిగడమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

బయటి దేశాల్లోనూ ఇదే చిక్కు. ఆస్ట్రేలియాలో కటూంబా దగ్గరున్న సీనిక్ రైల్వే 52 డిగ్రీల వాలు ఎక్కుతుంది, ప్రయాణికుల రైల్వేల్లో అత్యంత నిటారైనదిగా పేరు. అయితే అక్కడ బండి ఒక్కటే, జత లేదు, కాబట్టి అది ఫ్యునిక్యులర్ కాదు, ఏటవాలు లిఫ్ట్ అనేవాళ్లున్నారు. వాళ్ల లెక్కలో అత్యంత నిటారైన ఫ్యునిక్యులర్ స్విట్జర్లాండ్‌లో 2017లో మొదలైన స్టూస్ లైన్. దాని వాలు 110 శాతం అని రాస్తారు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, 100 దాటిన వాలు ఏమిటి, వెనక్కి తిరగబడిందా అని. వాలు శాతం అంటే 100 మీటర్లు అడ్డంగా వెళ్తే ఎన్ని మీటర్లు పైకి ఎక్కాం అన్న లెక్క. 100 ముందుకి, 100 పైకి అయితే 100 శాతం, అంటే 45 డిగ్రీలు. 110 శాతం అంటే దాదాపు 48 డిగ్రీలు. ఇదే కొలతలో అరకు లైన్ రెండు శాతం లోపే, ఊటీది 8 శాతం పైచిలుకు.

నూతి గిలక మీద రెండు చేదలు

పాత ఇళ్లలో పెద్ద నూతులకి గిలక మీదుగా ఒకే తాడుకు రెండు చివర్లా రెండు చేదలు కట్టేవారు. నిండు చేద పైకి వస్తుంటే ఖాళీ చేద కిందికి పోయేది. చేదల బరువు చేదలతోనే సరిపోయేది, మనిషి తోడాల్సింది నీళ్ల బరువు మాత్రమే. ఫ్యునిక్యులర్ మొత్తం ఈ సూత్రం మీదే నడుస్తుంది.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కైలాసగిరి లాంటి కొండకి ఒకటి వేశారనుకుందాం, ఇది ఊహ మాత్రమే. ఎక్కాల్సిన ఎత్తు 150 మీటర్లు, వాలు 30 డిగ్రీలు. అప్పుడు పట్టాల పొడవు 300 మీటర్లు. ఖాళీ పెట్టె బరువు 10 టన్నులు, అందులో 50 మంది, మనిషికి 65 కిలోల చొప్పున 3,250 కిలోలు.

జత లేకుండా ఒక్క పెట్టెనే లాగితే ఎత్తాల్సింది 13,250 కిలోలు. 150 మీటర్లు ఎత్తడానికి దాదాపు 5.4 యూనిట్ల కరెంటు కావాలి. రెండో చివర ఖాళీ పెట్టె దిగుతుంటే పది టన్నులకి పది టన్నులు కొట్టుకుపోతాయి, మిగిలేది మనుషుల బరువే. 1.3 యూనిట్లు చాలు. రాపిడికీ, యంత్రాల నష్టాలకీ ఇంకొంత కలపాలి గానీ, కావాల్సింది మాత్రం దాదాపు నాలుగో వంతే.

ఇంకాస్త ముందుకెళ్దాం. కైలాసగిరికి జనం సాయంత్రం ఎక్కుతారు, సముద్రం చూసి, ఐస్‌క్రీమ్ తిని, చీకటి పడ్డాక దాదాపు అందరూ ఒకేసారి దిగుతారు. దిగే పెట్టెలో 50 మంది, ఎక్కే పెట్టెలో 10 మంది ఉన్నారనుకోండి. ఇప్పుడు దిగేవైపే 2,600 కిలోలు ఎక్కువ. మోటారు లాగక్కర్లేదు, ఆపి పట్టుకోవాలి. ఇప్పటి యంత్రాల్లో ఆ పట్టుకోవడమే కరెంటు తయారీ అవుతుంది, ఒక్కో విడతకి పైలెక్కన ఒక యూనిట్ వరకూ తిరిగొస్తుంది, నష్టాలు పోగా కాస్త తక్కువ. సాయంత్రం మీద పెట్టిన ఖర్చులో కొంత రాత్రికి వెనక్కి వచ్చినట్టే.

కరెంటు లేని రోజుల్లో ఈ తూకాన్నే పూర్తిగా వాడుకున్నారు. పై పెట్టె కింద తొట్టెలో నీళ్లు నింపేవారు, అది బరువెక్కి దిగుతూ కింది పెట్టెను పైకి లాగేది, కింద నీళ్లు వదిలేసేవారు. పోర్చుగల్‌లో బ్రాగా దగ్గర బోమ్ జీజస్ కొండ మీద 1882 నాటిది ఇప్పటికీ అలాగే నడుస్తోంది. స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్గ్‌లో 1899 నుంచి నడుస్తున్న దాంట్లో అయితే నింపేది పై పేటలోంచి వచ్చే మురుగునీరు! ఖర్చు లేని ఇంధనం. వాసన కూడా ఉచితమే.

మధ్యలో ఒకదాన్నొకటి ఎలా తప్పుకుంటాయి

రెండు పెట్టెలు, రెండు జతల పట్టాలు వేస్తే గొడవే లేదు. కానీ కొండని అంత వెడల్పు తవ్వడం ఖర్చు. అందుకని చాలా చోట్ల ఒకే జత పట్టాలు వేసి, సరిగ్గా మధ్యలో మాత్రం రెండుగా విడదీసి మళ్లీ కలుపుతారు. తాడు పొడవు మారదు కాబట్టి రెండు పెట్టెలూ ఎప్పుడూ ఆ మధ్య బిందువు దగ్గరే ఎదురవుతాయి. ఇందులో డ్రైవర్ నైపుణ్యం ఏమీ లేదు, వద్దన్నా అక్కడే కలుస్తాయి.

మరి విడిపోయే చోట ఒకటి కుడికీ ఇంకొకటి ఎడమకీ వెళ్లాలని వాటికెలా తెలుస్తుంది? మామూలు రైల్వేలో అయితే పాయింట్లు మార్చాలి. ఇక్కడ పట్టాల్లో కదిలే భాగమే లేదు, తెలివంతా చక్రాల్లో ఉంది. ఒక పెట్టెకి కుడివైపు చక్రాలకు లోపలా బయటా రెండు వైపులా అంచులుంటాయి, అవి కుడి పట్టాను రెండు పక్కల నుంచీ పట్టుకుంటాయి. దాని ఎడమవైపు చక్రాలు మాత్రం అంచుల్లేని వెడల్పాటి రోలర్లు, పట్టా మీద ఊరికే దొర్లుతాయి. కాబట్టి ఆ పెట్టె ఎప్పుడూ కుడి పట్టా ఎటుపోతే అటే పోతుంది. రెండో పెట్టెకి ఇదంతా తిరగేసి, ఎడమ పట్టాకు కట్టుబడి ఉంటుంది. అంచుల్లేని రోలర్లు కాబట్టి తాడు వెళ్లడానికి పట్టాలో వదిలిన ఖాళీని కూడా తేలిగ్గా దాటేస్తాయి.

ఈ చక్రాల పద్ధతిని 1886లో స్విట్జర్లాండ్‌లోని లుగానో లైన్‌లో మొదట వాడారు, రూపొందించిన ఇంజనీర్ కార్ల్ రోమన్ అబ్ట్. ఊటీ రైలు ఎక్కే పళ్ల పట్టీ పద్ధతి కూడా ఆయనదే. ఊటీ రైలుకి వారసత్వ గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం గానీ, దాని వెనకున్న ఈ పేరు మన దగ్గర ఎవరూ తలవరు, నాకెందుకో అది కొంచెం అన్యాయం అనిపిస్తుంది.

ఎక్కినవాళ్లకు వింతగా అనిపించేవి

పర్యాటకులు చెప్పే వింతలు చాలావరకు ఈ తూకం నుంచే పుడతాయి. పెనాంగ్ కొండ రైలు అప్పుడప్పుడూ ఏ స్టేషనూ లేని చోట, చెట్ల మధ్య ఆగిపోతుంది. లోపలివాళ్లకి టెన్షన్. జరిగేదేమిటంటే, రెండో పెట్టె తన దారిలో ఏదో చిన్న స్టేషన్‌లో ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటోంది. ఒకే తాడు కాబట్టి అది ఆగితే ఇదీ ఆగాలి. స్టేషన్లు మధ్య నుంచి సమాన దూరంలో జతలుగా లేకపోతే ఈ ఆగడం తప్పదు.

పెనాంగ్ లైన్ 1923లో మొదలైంది. అప్పట్లో రెండు ముక్కలుగా ఉండేది, మధ్యలో దిగి ఇంకో బండి ఎక్కాలి, కొండ మీదకి చేరడానికి అరగంట పట్టేది. 2011లో కొత్త యంత్రాలతో ఒకే లైన్‌గా మార్చాక నిమిషాల్లో చేరిపోతున్నారు. పాత ప్రయాణమే బాగుండేదనేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. చెట్ల మధ్యలోంచి నెమ్మదిగా ఎక్కడం కోసం వచ్చినవాళ్లకి వేగం లాభం కాదు మరి. క్యూలో గంట నిలబడి పిల్లల్ని సముదాయించేవాళ్ల మాట వేరు.

హాంకాంగ్ పీక్ ట్రామ్‌లో సీట్లన్నీ కొండ వైపే తిరిగి ఉంటాయి. ఎక్కేటప్పుడు వీపు సీటుకి ఆనుకుని హాయిగా ఉంటుంది, దిగేటప్పుడు మాత్రం వెనక్కి వెనక్కి దిగుతాం. సీట్లు కిందికి తిప్పి పెడితే దిగేటప్పుడు అందరూ ముందుకి జారి పడతారు కాబట్టి ఇదే నయం. అక్కడే ఇంకో చిత్రం, కిటికీలోంచి చూస్తే ఆకాశహర్మ్యాలన్నీ కొండ మీదకి వాలి పడిపోతున్నట్టు కనబడతాయి. పెట్టె, సీటు, కిటికీ చట్రం అన్నీ ఏటవాలుగా ఉండేసరికి మెదడు వాటినే నిటారు అనుకుంటుంది, నిజంగా నిటారుగా ఉన్న భవనాలు ఒరిగినట్టు అనిపిస్తాయి.

వాలు అంతా ఒకేలా ఉంటే పెట్టెను మెట్లు మెట్లుగా కడతారు, నేల ఎప్పుడూ సమంగా ఉంటుంది, ప్లాట్‌ఫారం కూడా మెట్లే. ఫొటోల్లో చూసే ఆ వంకర పెట్టె ఆకారం ఇందుకే. వాలు మారుతూ ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. స్టూస్ వాళ్లు పీపాల్లాంటి గుండ్రని గదులు పెట్టి, వాలు మారినప్పుడల్లా అవి తిరిగి నేల సమంగా ఉండేలా చేశారు.

ఫ్యునిక్యులర్ అంటే పర్యాటకమే అనుకోనక్కర్లేదు. ఇస్తాంబుల్‌లో 1875 నాటి ట్యూనెల్ పూర్తిగా నేల కింద నడుస్తుంది, చూడ్డానికి గోడ తప్ప ఏమీ ఉండదు. కొండ మీది పేటకీ కింది రేవుకీ మధ్య రోజూ తిరిగే జనం కోసం వేసింది.

లిస్బన్‌లో తెగింది ఏమిటి

ఇప్పుడు అసలు భయం దగ్గరికొద్దాం. తూకం ఇంత గొప్పదైతే ప్రమాదం ఎలా జరిగింది?

తూకం కరెంటును ఆదా చేస్తుంది. ప్రాణాలు కాపాడాల్సింది బ్రేకు. తాడు ఉన్నంతసేపే రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తాడు పోయిన మరుక్షణం అవి జత కావు, వాలు మీద నిలబడ్డ రెండు బరువులు, అంతే. నూతి గిలక పోలిక కూడా ఇక్కడితో సరి, తాడు తెగితే చేద పోతుంది, నూతికి బ్రేకు లేదు.

గ్లోరియా 1885 నాటిది. తర్వాత విద్యుదీకరించినప్పుడు మోటార్లు పెట్టెల్లోనే పెట్టారు, చూడ్డానికి ట్రామ్‌లా ఉండేది అందుకే, కానీ రెండు పెట్టెల్నీ కలిపే తాడు వీధి కింద అలాగే ఉంది. దర్యాప్తు చేసినవాళ్ల ప్రాథమిక నివేదికల్లో బయటపడినవి ఇవి. తాడు మధ్యలో తెగలేదు, పెట్టెకి బిగించిన చోట విడిపోయింది. ఆ చోటు భాగాలు విప్పితే తప్ప కంటికి కనబడదు, కాబట్టి ఆ రోజు చేసిన మామూలు తనిఖీలో ఏమీ దొరకలేదు. వాడిన తాడు రకానికి ప్రయాణికుల రవాణాకి కావాల్సిన ధ్రువీకరణ లేదు. డ్రైవర్ బ్రేకులు వేశాడు, అయినా తాడు సాయం లేకుండా ఆ పెట్టెను ఆపే శక్తి ఆ బ్రేకులకి లేదు.

కొత్త ఫ్యునిక్యులర్లలో తాడు బిగువు తగ్గిందని తెలిసిన వెంటనే పెట్టె కిందున్న బ్రేకులు వాటంతటవే పట్టాను రెండు వైపుల నుంచీ బిగించి పట్టుకుంటాయి, మనిషి చెయ్యక్కర్లేదు. పాతవాటికి ఇది తప్పనిసరా అన్నది చిక్కు ప్రశ్న. యూరప్ కేబుల్ రవాణా నిబంధనలు 1986కి ముందు మొదలై, వారసత్వ సంపదగా గుర్తించినవాటిని తమ పరిధిలోంచి మినహాయించాయి. దీన్ని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: 140 ఏళ్ల నాటి బండికి ఇవాళ్టి యంత్రాలన్నీ బిగిస్తే అది ఆ బండిగా మిగలదు. ఎదుటివాళ్లది ఒకటే మాట: టికెట్ కొన్నవాడికి తాను ఎక్కేది మ్యూజియం వస్తువో రవాణా వాహనమో తెలియదు. నాకు రెండో మాటే సబబనిపిస్తుంది, కనీసం బ్రేకుల విషయంలో.

కొత్తది అయితే భద్రమే అనుకోవడానికి కూడా లేదు. 2000 నవంబర్ 11న ఆస్ట్రియాలోని కాప్రూన్‌లో సొరంగంలో ఎక్కుతున్న ఆధునిక ఫ్యునిక్యులర్‌లో మంటలు లేచి 155 మంది చనిపోయారు. అక్కడ తాడుకి ఏమీ కాలేదు. డ్రైవర్ గదిలోని ఫ్యాన్ హీటర్ దగ్గర మొదలైన మంట అది. ఏటవాలు సొరంగం పొగగొట్టంలా పనిచేసి పొగనంతా పైకి లాగింది, పైకి పరిగెత్తినవాళ్లు బతకలేదు. మంట పక్కనుంచి కిందికి దిగిన 12 మంది బయటపడ్డారు.

మన కొండకి ఏది కుదురుతుంది

కైలాసగిరికీ సింహాచలానికీ ఇలాంటిది వేస్తే బాగుంటుందన్న మాట బీచ్‌రోడ్డు కబుర్లలో వింటూనే ఉంటాం. వాదనలు రెండు వైపులా ఉన్నాయి.

రోప్‌వే వైపు పెద్ద బలం నేల. దానికి అక్కడక్కడా స్తంభాలు చాలు, మధ్యలో చెట్లున్నా, ఘాట్ రోడ్డున్నా పైనుంచి దాటిపోతుంది. ఫ్యునిక్యులర్‌కి కింది నుంచి పైదాకా తెగని పట్టీ కావాలి. రోడ్డు అడ్డొస్తే వంతెన, గుట్ట అడ్డొస్తే కోత. మన తూర్పు కనుమల కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి, అది పైపొరల్లో త్వరగా శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. పెద్ద వాన పడితే ఘాట్ రోడ్ల మీదకి మట్టి జారడం మనం చూస్తున్నదే. కోత పెట్టిన ప్రతిచోటా గోడలు, నీటి కాలువలు కట్టాలి, కట్టాక ఏటా చూసుకోవాలి.

ఫ్యునిక్యులర్ వైపు బలం గాలి. బలమైన గాలి వస్తే రోప్‌వే ఆపేయాల్సిందే, నేల మీద నడిచే బండికి ఆ బెడద బాగా తక్కువ. పళనిలో ఇది కళ్లారా కనబడుతుంది, అక్కడ వించ్, రోప్‌కార్ రెండూ ఉన్నాయి, గాలి ఎక్కువైనప్పుడు రోప్‌కార్ ఆపుతారు, వించ్ నడుస్తుంది. హుద్‌హుద్ తుఫాను లాంటి రోజున ఏదీ నడవదు, అది వేరే విషయం. ఇంకొకటి, మధ్యలో ఆగిపోతే ఏమిటి? 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని త్రికూట్ రోప్‌వే ఆగిపోయినప్పుడు జనం గాలిలో పెట్టెల్లో రాత్రంతా గడిపారు, హెలికాప్టర్లతో దించాల్సి వచ్చింది, ప్రాణాలూ పోయాయి. ఫ్యునిక్యులర్ ఆగితే తలుపు తీసి పట్టాల పక్కన మెట్ల మీదుగా దిగొచ్చు, సొరంగం కాకపోతే. ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పట్టడం మాత్రం రెండింటికీ సమానమే.

అందరూ మర్చిపోయేది గంటకి ఎంతమందిని మోస్తుందన్న లెక్క. మన ఊహా లైన్ 300 మీటర్లు, వేగం సెకనుకి 2 మీటర్లు అనుకుంటే ప్రయాణం రెండున్నర నిమిషాలు, ఎక్కి దిగడానికి ఇంకో రెండున్నర. గంటకి 12 విడతలు, 50 మంది చొప్పున ఒక్కో వైపు 600 మంది. అదే లైన్ 600 మీటర్లయితే విడతకి ఏడున్నర నిమిషాలు, గంటకి 8 విడతలు, 400 మంది. పొడవు పెరిగేకొద్దీ మోసే జనం తగ్గిపోతారు, ఎందుకంటే పెట్టెలు రెండే. ఆగకుండా తిరిగే రోప్‌వేలో 8 మంది పట్టే పెట్టె అరనిమిషానికొకటి వస్తే గంటకి 960 మంది, కొండ ఎంత పొడవైనా అంతే, పెట్టెలు ఎక్కువ వేలాడదీయాలి. కాబట్టి చిన్న, నిటారు కొండకి ఫ్యునిక్యులర్ బాగా కుదురుతుంది, పొడవాటి దారికి రోప్‌వే.

మూడో పక్షం కూడా ఉంది, వాళ్ల మాట వినబడేది తక్కువ: రెండూ వద్దు, కైలాసగిరికి రోడ్డు ఇప్పటికే ఉంది, కార్లు కిందే ఆపించి బస్సులు తిప్పితే చాలు. జనం మామూలు రోజున ఒకలా, కార్తీక మాసంలో, సంక్రాంతి సెలవుల్లో ఇంకోలా ఉంటారు. బస్సులు ఆ రోజుకి నాలుగు ఎక్కువ వేయొచ్చు. ఫ్యునిక్యులర్‌లో ఆ వెసులుబాటు లేదు, మొదటి రోజు పెట్టె ఎంత పెద్దదిగా కట్టామో అదే దాని హద్దు. 1888లో మొదలైన పీక్ ట్రామ్ పెట్టెకి 120 మంది సరిపోవడం లేదని 210కి పెంచాలనుకున్నప్పుడు తాడు, పెట్టెలు, యంత్రాలు, స్టేషన్లు అన్నీ మార్చాల్సి వచ్చింది. 2021 జూన్‌లో మూసిన లైన్‌ను మళ్లీ తెరిచింది 2022 ఆగస్టులో.